పదిహేను ఇస్తుందన్న బండి

మొన్న ఆదివారం మా తమ్ముడి కొడుకు కొత్త డీజిల్ పికప్ బండి కొని, జగ్గయ్యపేట నుంచి తిన్నగా తీసుకొచ్చి నందిగామలో మా ఇంటి ముందు నిలబెట్టాడు. మేనత్త చేత కొబ్బరికాయ కొట్టించుకోవాలని వాడి ముచ్చట. బానెట్టుకు బంతిపూల దండ, చక్రాల కింద నిమ్మకాయలు, సీట్లకు ఇంకా తీయని ప్లాస్టిక్ కవర్లు, అన్నీ సక్రమంగానే ఉన్నాయి. వీధిలోవాళ్లు చుట్టూ చేరారు గానీ, బండి ఎంత బరువు మోస్తుందని, బ్రేకులెలా ఉన్నాయని ఒక్కరూ అడగలేదు. ఎదురింటాయన పంచె ఎగగట్టుకుంటూ వచ్చి, వస్తూనే, "లీటరుకి ఎంతిచ్చుద్దంట?" అన్నాడు. నేను మజ్జిగ తెస్తానని చెప్పి లోపలికి వెళ్లి, మజ్జిగ మాట మరిచిపోయి, వంటింటి గట్టు పట్టుకుని నిలబడిపోయాను.

ఆ ప్రశ్న వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. నా ఈడు ఆడవాళ్లకైతే చెప్పక్కర్లేదు. గ్యాసు బండ నెల రోజులు రాకపోతే కోడలి వంక అదోలా చూసే అత్తగార్లను మనం చూసినవాళ్లమే. పక్కింట్లో నెలన్నర వస్తోందట, మనింట్లో ఏమైందట అనే ఆ సాగదీత మనకు బాగా తెలుసు. పక్కింట్లో ఇద్దరే మనుషులనీ, మనింట్లో పూటకు పది విస్తళ్లు లేస్తాయనీ ఎవరికీ గుర్తుండదు. మైలేజీ కూడా అచ్చం అలాంటి మాటే. కాకపోతే అది మా ఇంట్లోకి వచ్చి, నన్ను పుట్టింటికి కాకుండా చేసి పోయింది.

మా నాన్న జగ్గయ్యపేటలో మిరపకాయల వ్యాపారం చేసేవాడు. చుట్టుపక్కల ఊళ్లలో కల్లాల దగ్గరే కాయ కొని, గోతాలకెత్తించి గుంటూరు యార్డుకు తోలేవాడు. ఏళ్ల తరబడి బాడుగ బండ్ల మీదే నెట్టుకొచ్చి, నా పెళ్లయిన కొన్నాళ్లకు సొంత బండి ఉండాలని పట్టుబట్టి, అప్పుడప్పుడే మా వైపు కనబడుతున్న డీజిల్ పికప్ ఒకటి కొన్నాడు. దానికి డ్రైవరుగా మా బావను పిలిచాడు. బావ అంటే మా ఆయనే. మా నాన్నకు స్వయానా అక్క కొడుకు. పెళ్లయ్యాక కూడా నాకు ఆ పిలుపు మారలేదు. అప్పటికి ఆయన వేరే వాళ్ల లారీ నడుపుతూ మంచి పేరు తెచ్చుకున్నాడు. పరాయివాడికి బండి ఇచ్చేకంటే మనవాడు నయం గదమ్మా అని నాన్న నాతో అన్నప్పుడు నేనెంత పొంగిపోయానో తలచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. బావను ఒప్పించింది కూడా నేనే.

బండి అమ్మిన షోరూము కుర్రవాడు లీటరుకు పదిహేను ఇస్తుందన్నాడట. నాన్న ఊరికే నమ్మే మనిషి కాదు. తెచ్చిన మర్నాడే ట్యాంకు నిండా డీజిల్ కొట్టించి, తాను పక్కన కూర్చుని, జగ్గయ్యపేట నుంచి నందిగామ దాకా హైవే మీద వెళ్లి వెనక్కి వచ్చి, మళ్లీ నిండా కొట్టించి లెక్క చూసుకున్నాడు. పదిహేనుకు వీసమెత్తు తగ్గలేదు. వెనక గోతం కూడా లేని ఖాళీ బండి, నున్నటి రోడ్డు, తోడుగా మామగారు. ఆ రోజు మా బావ నిద్రపోతున్న పసిబిడ్డను ఎత్తుకున్నంత మెల్లగా బండి నడిపాడు; దిగుడు వచ్చినచోటల్లా కాలు తీసేసి దొర్లనిచ్చాడు. కొత్త బండి కొన్న మావయ్య మొహం వెలగాలని ఆయన తాపత్రయం. నిజానికి ఆ పదిహేనులో సగం బండిదైతే సగం మా బావ పాదానిది, ఆ సంగతి ఆ పూట ఎవరికీ తోచలేదు.

నాన్న ఆ అంకెను బజారంతా మోశాడు. టీకొట్టు దగ్గర, ఎరువుల కొట్టు దగ్గర, ఎవరు అడిగినా అడక్కపోయినా పదిహేను. తోటి వ్యాపారి ఒకడు నవ్వి, లోడు వేశాక చూద్దాంలే అన్నాడట. ఆ మాట నాన్నకు ముల్లులా గుచ్చుకుంది. ఒకసారి నోటంట మాట వచ్చాక దాన్ని దించుకోవడమంటే తల తీసి ఇచ్చినట్టే మా నాన్నకు.

ఇక లోడు మొదలైంది. వత్సవాయి వైపు నల్లరేగడి డొంకల్లో మొదటి గేరు దాటని తిరుగుడు, చెవిటికల్లు కల్లాల్లో ఇసుక, మనిషెత్తు దాటేలా పేర్చిన గోతాలకు ఎదురుగాలి, యార్డు గేటు ముందు గంటల తరబడి అడుగులో అడుగు. లీటరుకు పది వస్తే గొప్ప. బావ మొదటి వారమే ఆ మాట చెప్పాడు. నాన్న విననట్టే ఊరుకున్నాడు. రెండోసారి చెబితే, మరి నేను కూర్చున్న రోజు ఎలా ఇచ్చింది అన్నాడు. దానికి జవాబు చెప్పాలంటే, మిమ్మల్ని సంతోషపెట్టడానికి అలా నడిపాను మావయ్యా అని చెప్పుకోవాలి. మా బావ అలాంటివి చెప్పుకునే మనిషి కాదు.

ఒకరోజు నేను పుట్టింట్లో ఉండగానే నాన్న డీజిల్ ట్యాంకు మూతకు కొత్త తాళం వేయించుకొచ్చి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. ఎందుకు నాన్నా అంటే, నా మొహం చూడకుండా, "ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గదమ్మా" అన్నాడు. సామెత చెప్పాడంతే, పేరు పెట్టలేదు. అన్నం ముందు కూర్చున్నదాన్ని లేచి చెయ్యి కడుక్కుని, దొరికిన బస్సెక్కి నందిగామ వచ్చేశాను. బావకు చెబితే, మావయ్య చాదస్తం నీకు తెలీనిదా, నాలుగు నెలలు పోతే ఆయనకే తెలుస్తుందిలే అన్నాడు. ఆ ఓపికను చూస్తే నాకు ఆయన మీదే కోపం వచ్చింది.

అప్పటి నుంచి ఎంత దూరం తిరగాలో నాన్నే అంచనా కట్టి, పదిహేను చొప్పున డీజిల్ పోయించి, మూతకు తాళం బిగించి పంపేవాడు. చాలదు మావయ్యా అంటే, "పదిహేను లెక్కన పోశా. చాలకపోవడమేంది?" అనేవాడు. దారిలో బంకు కనబడినా, జేబులో డబ్బున్నా, పోయించుకునే వీలు లేని డ్రైవరు మా జిల్లా మొత్తం మీద మా బావ ఒక్కడే అయ్యుంటాడు.

అనుకున్నదే అయింది. ఎండాకాలం మొదట్లో, వత్సవాయి చుట్టూ ఊళ్లన్నీ తిరిగి కాయ ఎత్తుకుని గుంటూరుకు బయల్దేరిన బండి నందిగామ దాటీ దాటగానే ఆగిపోయింది. డీజిల్ బండి ఎండిపోతే పెట్రోలు బండిలా కాదు. పైపుల్లోకి గాలి చేరుతుంది, మళ్లీ డీజిల్ పోసి మెకానిక్ ఆ గాలి తీస్తేగానీ కదలదు. బావ ఎస్టీడీ బూతు నుంచి జగ్గయ్యపేటకు ఫోను చేసి, నాకు ఆటోవాడితో కబురంపాడు. మధ్యాహ్నం పూటే పడమట మబ్బు పట్టింది. ఉన్న పట్టా పై వరుసకే చాలలేదు. నేను ఇంట్లో ఉన్న దుప్పట్లూ, పాత చీరలూ, బియ్యం ఆరబోసుకునే పట్టా అన్నీ ఆటోలో వేసుకుని పరుగెత్తాను. నేను వెళ్లేసరికే గాలివాన అందుకుంది. ఆయన గోతాల మీద బోర్లా పడుకుని రెండు చేతులతో పట్టా అంచులు పట్టుకుని ఉన్నాడు. ఎండుమిరపకు తడి తగిలితే ఏమవుతుందో ఆ ప్రాంతంవాళ్లకు వేరే చెప్పాలా, రంగు పోయి, బూజు పట్టి, ఎందుకూ కొరగాకుండా పోతుంది.

మా తమ్ముడి స్కూటరు మీద నాన్న తడుస్తూ వచ్చాడు. దిగి, గోతాల వంక చూడలేదు. పైన ఒళ్లంతా మిరప ఘాటుతో, నీళ్లతో కళ్లు తెరవలేకుండా ఉన్న మనిషి వంక చూడలేదు. మొలతాడు నుంచి తాళంచెవి తీసి, ట్యాంకు మూత విప్పి, లోపలికి తొంగి చూశాడు. ఆగిన లారీల వాళ్లు, టీకొట్టు చూరు కింద నిలబడ్డ వాళ్లు అందరూ వింటూ ఉండగా, తలెత్తి, "పోసిన డీజిలంతా ఏం చేశావురా?" అన్నాడు. పెళ్లయిన రోజు నుంచి 'అల్లుడూ' తప్ప మరో పిలుపు లేని నోటితో అన్నాడు ఆ మాట.

"తాగాడు నాన్నా. నీ అల్లుడు తాగాడు. చాలా?" అని నేనే అరిచాను. బావ పైనుంచి దిగి, బండి తాళాలు బానెట్టు మీద పెట్టి, నా భుజం మీద చెయ్యి వేసి నడువు అన్నాడు. వానలోనే ఇంటిదాకా నడిచి వచ్చాం. మిరప మంటకు ఆయన చేతులు వారం రోజులు అన్నం కలుపుకోనివ్వలేదు.

డ్రైవరుకు పేరే పెట్టుబడి. సొంత మేనమామే దింపేశాడంటే ఏదో ఉండే ఉంటుందని జగ్గయ్యపేటలో మొదలైన గుసగుస నందిగామకు వారం తిరక్కముందే చేరింది. బండి ఇస్తానని పిలిచిన ప్రతి ఆసామీ ముందుగా, మీ మావయ్య బండి ఎందుకు వదిలావయ్యా అని అడిగేవాడు. ఈయన చెప్పేవాడు కాదు. చివరికి ఒక కాలేజీ బస్సు దొరికి, రిటైరయ్యేదాకా దాని మీదే గడిచింది. సొంతంగా ఒక లారీ కొనాలన్న ఆయన కోరిక ఆ తర్వాత ఎప్పుడూ ఆయన నోట వినలేదు.

నాన్న పెట్టుకున్న కొత్త డ్రైవరు చేతిలో ఆ బండి తొమ్మిది ఇచ్చింది. ఈ సంగతి నాకు తమ్ముడు చెప్పాడు. చెప్పులు వేసుకోవడం కూడా మరిచి బస్సెక్కాను. నాన్న కొట్టు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఎంతిస్తోంది నాన్నా బండి అని అడిగాను. ఆయన రోడ్డు వంక చూస్తూ, "బండి పాతబడిందమ్మా" అన్నాడు. కొని ఏడాది కాలేదు! నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. అప్పుడు నాకు ఆయన సంగతి పూర్తిగా తెలిసింది. షోరూమువాడి మాటకూ, తన ఉబలాటానికీ మోసపోయానని బజారులో ఒప్పుకునేకంటే, అల్లుడు దొంగ అనుకోవడం ఆయనకు తేలిక. బజారు రోజూ ఎదురుపడుతుంది, కూతురిదేముంది, కడుపున పుట్టినదే కదా, ఎక్కడికి పోతుంది అనుకున్నాడు. నేను పోయాను. పెళ్లిళ్లకూ చావులకూ వెళ్లి, మంచినీళ్లు కూడా ముట్టకుండా తిరిగొచ్చే చుట్టాన్నయ్యాను.

ఆఖరి రోజుల్లో నాన్నకు గుండెలో నొప్పి వస్తే, తమ్ముడు ఊళ్లో లేని సమయం కావడంతో, అమ్మ నాకే ఫోను చేసింది. బావ తెలిసినవాళ్ల కారు అడిగి తెచ్చి, తానే నడుపుతూ నాన్నను బెజవాడ ఆసుపత్రికి తీసుకెళ్లాడు. నేను వెనక సీట్లో నాన్న తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. కంచికచర్ల దాటాక నాన్న కళ్లు తెరిచి, "ఈ కారు ఎంతిస్తదల్లుడూ?" అన్నాడు. ఇన్నేళ్లలో వాళ్లిద్దరి మధ్య అదే మొదటి మాట. క్షమించమనడానికి ఆయనకు చేతనైన దారి అదేనేమో, లేక పాత అలవాటేనో, నాకు తెలియదు. బావ అద్దంలోకి చూడకుండానే, "పదిహేను మావయ్యా" అన్నాడు.

నాన్న మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు. ఆ తర్వాత ఆసుపత్రిలో ఆయన మంచం పక్కన ఎన్ని పూటలు కూర్చున్నానో! ఒక్క మాట అంటాడని కాచుకున్నాను. నా కోసం కాదు, బయట వరండాలో బెంచీ మీద టిఫిను క్యారియరు పెట్టుకుని కూర్చున్న మనిషి కోసం. వేడినీళ్లు అడిగాడు, దిండు సర్దమన్నాడు, మా చెల్లెలి మొగుడు, చిన్నల్లుడు రాలేదేమని అడిగాడు. అలాగే వెళ్లిపోయాడు. ఆయన పోయిన రోజు అందరిలా ఏడవలేకపోయానని మా పిన్ని ఇప్పటికీ దెప్పుతుంది, దెప్పనీ.

బావ పోయి కూడా రెండేళ్లయింది. ఆ పదిహేను అన్న మాట ఎకసెక్కానికి అన్నాడో, పోతున్న మనిషిని బాధపెట్టలేక అన్నాడో నేను అడగలేదు.

మజ్జిగ తీసుకుని బయటికొచ్చేసరికి మేనల్లుడు ఎదురింటాయనను బండిలో కూర్చోబెట్టి, స్టీరింగు వెనక అద్దంలో వెలుగుతున్న అంకెలు చూపిస్తున్నాడు. ఎంత తాగిందో, ఎంత నడిచిందో, లోడు మీద ఎంత ఇస్తుందో బండే ఎప్పటికప్పుడు చెబుతుందట. ఇంటిదగ్గర కూర్చున్నవాడికి ఫోనులో కూడా తెలుస్తుందట. డ్రైవరుతో ఇక పేచీ ఉండదత్తా, ఎవడి మాటా నమ్మాల్సిన పన్లేదు అని వాడు మురిసిపోతూ చెబుతుంటే నేను గ్లాసు అందించి తలూపాను. మంచిదే, వాడి బండి ఎక్కే డ్రైవరుకు మా బావ పడ్డ మాట పడే గతి పట్టదు. కానీ మన రోజుల్లో ఈ అద్దాలూ అంకెలూ లేవు, మనిషికి మనిషి మాటే ఆధారం. ఒక మనిషిని నమ్మడం తప్ప వేరే దారి లేని కాలంలో మా నాన్న నా మనిషిని నమ్మలేదు. నమ్మాల్సిన పనే లేని కాలం వచ్చాక, వచ్చి చూడ్డానికి ఆయన లేడు.