హాజిరమ్మ పుట్టింటికి ప్రయాణం

పోయిన శుక్రవారం జుమా నమాజు అయ్యి, అందరం భోంచేసి, మా ఆయన టీ గ్లాసు ముందు పెట్టుకొని కునికిపాట్లు పడుతుండగా, ఇక్కడే జెద్దాలో ఆఫీసు ఉద్యోగం చేసే మా చిన్నమ్మాయి ఫోను నా ముందుకు జరిపి, కిటికీలోంచి పిరమిడ్లు కనిపించే హోటలు గది బొమ్మ ఒకటి చూపించింది. సెలవులు కలిసొచ్చినాయంట, నాలుగు రోజులు ఈజిప్టు పోయొస్తే బాగుంటుందంట. నేనింకా కళ్ళద్దాలు వెతుక్కుంటుండగానే "నీకూ నాయనకూ నాకూ, ముగ్గురికీ బుక్ చేసేసినా అమ్మా" అనేసింది. వీసాలు ఫోన్లోనే, దేశం దాటి మళ్ళీ లోపలికి రావడానికి కావలసిన ఖురూజ్ అవదా ఫోన్లోనే, విమానంలో ఎవరు ఏ సీటులో కూర్చోవాలో అదీ ఫోన్లోనే. టీ చల్లారక ముందే అంతా అయిపోయింది. మా ఆయన కళ్ళు తెరిచి నా వైపు చూసినాడు, నేను ఆయన వైపు చూసినాను. మా ఇద్దరికీ ఒకే మనిషి గుర్తొచ్చిందని ఆ పిల్లకు తెలియదు.

మీలో ఆ రోజుల్లో గల్ఫులో కాపురం చేసినవాళ్ళకు నేను వేరే చెప్పాల్సిన పని లేదు. పాస్‌పోర్టులు పని ఇచ్చిన యజమాని, కఫీలు, బీరువాలో ఉండేవి, మన జేబులో ఉండేది ఇఖామా కార్డు ఒక్కటే. సంవత్సరానికో, రెండేండ్లకో ఒకసారి ఊరికి పోవడమే గొప్ప. చూసి రావడానికని ఇంకో దేశం పోవడమనేది మా బోటి వాళ్ళ ఊహకు కూడా అందేది కాదు. అయినా మా ఆయనకు అది అందింది. ఆయన లిఫ్టుల మెకానిక్కు. తీగలూ మోటార్లూ పెట్టుకొని నలుగురు మనుషుల్ని పై అంతస్తుకు చేర్చడానికే మేమింత అవస్థ పడుతున్నామే, ఏ మోటారూ లేని కాలంలో ఈజిప్టు వాళ్ళు పిరమిడ్ల మీదికి అంతంత బండల్ని ఎట్ల పైకెక్కించినారో దగ్గర నిలబడి చూడాలని ఆయనకు మహా కోరిక. చిన్నప్పుడు బడి పుస్తకంలో ఆ బొమ్మ చూపించి, పెద్దయినాక ఇక్కడికి పోతానంటే, పొయ్యి ఊదుతున్న వాళ్ళమ్మ తల కూడా ఎత్తకుండా, నన్నూ తీసకపో నాయనా అన్నదంట. ఆ మాట ఆమె అప్పుడే మరిచిపోయింది. ఈయన మరిచిపోలేదు.

మా పెండ్లయి నేను ఇక్కడికొచ్చిన కొత్తల్లో, అల్లా దయవల్ల, మా అత్తకు విజిట్ వీసా దొరికింది. మక్కా తీసుకుపోయి ఉమ్రా చేయించినాము. ఆమె తిరిగి పోయే లోపల మిసర్ కూడా చూపించి పంపాలని మా ఆయన పట్టుదల. అరబ్బులు ఈజిప్టును మిసర్ అంటారు, మేమూ అట్లే అనేవాళ్ళం. ఒకరోజు భోజనాల దగ్గర మెల్లిగా ఆ మాట కదిపినాడు.

"మూసా ప్రవక్తను తరిమిన ఫిరౌను ఊరికా?" అని అత్త ముద్ద తట్టలో పెట్టేసింది. "మక్కా చూసిన కండ్లతో ఆ పాపిష్టోని ఊరు చూడాల్నా? నీకేమన్నా మతి పోయిందా రా?"

"వాడు చచ్చి ఎన్ని వేల ఏండ్లయిందో తెలుసా మా!"

"చచ్చినా వాడు వాడే."

అక్కడి మ్యూజియంలో పాతకాలపు రాజుల శవాలు చెడిపోకుండా పెట్టినారని, మన వాళ్ళు కూడా పోయి చూసొస్తారని ఆయన ఇంకో దారిలో చెప్పబోయినాడు. అది ఇంకా చెడింది. వాని మొహం చూసేకి టికెట్టు కూడా కొనాల్నా అని ఆమె ఆ రోజంతా గొణుగుతూనే ఉన్నది.

నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది గానీ, ఆమె పట్టిన పట్టులో న్యాయం లేకపోలేదు. దేవుని ఆగ్రహం దిగిన చోట్లకు వేడుక కోసం పోగూడదని నేనూ చిన్నప్పటి నుంచి విన్నదాన్నే. నేను బడి గడప తొక్కలేదు. మా నాయనకు బట్టల అంగడి ఉండేది. మధ్యాహ్నం అంగడి తలుపు ఓరగా వేసి, నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకొని, అక్షరాలూ కూడికలూ ప్రవక్తల కథలూ అన్నీ తెలుగులోనే నేర్పించినాడు. మా ఇండ్లల్లో మాట్లాడుకునేది తెలుగే, దువాలకు మాత్రం అరబ్బీ. కాబట్టి అత్తను కాదనే ధైర్యం నాకు లేదు. అట్లని మా ఆయన్ను చూస్తూ ఊరుకోవడమూ చేతకాలేదు. ఆయన గట్టిగా అరిచే మనిషి అయినా బాగుండేది. మళ్ళీ ఆ మాటే ఎత్తకుండా, పెట్టింది తిని లేచి పోయేవాడు. ఆమె మళ్ళీ ఈ దేశానికి వస్తుందన్న నమ్మకం మాలో ఎవరికీ లేదు. ఇప్పుడు కాకపోతే ఇంక ఎప్పటికీ కాదు.

నమాజు చాప మీద కూర్చొని ఏదో ఒక దారి చూపించమని అడుగుతూ వచ్చినాను. ఆ దారి అత్త కాళ్ళ దగ్గరే దొరికింది. రెండోసారి ఉమ్రా చేసి వచ్చినాక ఆమె పాదాలు బూరెల్లా పొంగితే, ఉప్పేసిన వేడినీళ్ళలో పెట్టి నేను పిక్కలు ఒత్తుతున్నాను. మక్కాలో సఫా మర్వా గుట్టల నడుమ ఇంత నడకైతే, ఆ ఎండలో, ఆ బండల మీద, ప్రవక్త భార్య అయ్యుండీ చంటిబిడ్డకు గుక్కెడు నీళ్ళ కోసం హాజిరమ్మ ఎట్ల ఉరికిందో గదా అని అత్త కండ్లు తుడుచుకున్నది. అప్పుడు నాయన చెప్పిన కథ నా నోట్లోంచి దానంతట అదే వచ్చింది.

"అత్తా, హాజిరమ్మ పుట్టిల్లు యాడో తెలుసునా నీకు?"

"యాడ మే?"

"మిసర్. ఆమె మిసర్ ఆడబిడ్డ. అందుకే ఆ దేశం వాళ్ళతో మనకు చుట్టరికం ఉందనేవాడు మా నాయన."

నేను హద్దు మీరినానేమో అని భయపడినాను. ఆమె నీళ్ళలోంచి ఒక కాలు తీసి, మళ్ళీ పెట్టి, ఉన్నట్టుండి కోపంగా అన్నది: "ఆ తల్లి ఇంత దూరంలో ఒంటిగా అట్ల అగచాట్లు పడితే, పుట్టింటోళ్ళు ఒక్కరన్నా వచ్చి చూసినారా?"

నేను ఇంకో కాలు పట్టుకొని ఒత్తసాగినాను. "పోదాం పా," అన్నది తానే. "మనమన్నా పోయి చెప్దాం, మీ బిడ్డ పేరు ఇప్పటికీ లోకమంతా తలుచుకుంటాందని."

సాయంత్రం మా ఆయన పని నుంచి రాగానే ఆ ముక్క చెప్పి, వెంటనే ఒక షరతు కూడా పెట్టింది. ఆ రాతిగుట్టలు మీరు చూసుకోండి, నేను వాటికి వీపు పెట్టి కూర్చుంటాను, నన్ను తిరిగి చూడమనగూడదు. ఆయన అంతగా నవ్వడం నేను పెండ్లినాడు కూడా చూడలేదు.

ఇంక మా ఇంట్లో ప్రయాణం తప్ప వేరే మాట లేదు. పై అంతస్తులో ఒక మిసర్ ఆవిడ ఉండేది, ఆమె భర్త బడిలో పంతులు. ఆవిడ వచ్చి, భోజనానికి కింద పరిచిన సుఫ్రా మీద పొడుగాటి కీరదోసకాయ పెట్టి ఇదీ నైలు నది అని, పక్కన ఖర్జూరాలు మూడు పేర్చి ఇవీ పిరమిడ్లు అని చూపించేది. అత్తకు అరబ్బీ రాదు, ఆవిడకు తెలుగు రాదు. అయినా మూసా, యూసుఫ్, హాజర్ అని పేర్లు చెప్పుకుంటూ, చేతులు తిప్పుకుంటూ, ఇద్దరూ గంటలు గంటలు మాట్లాడుకునేవాళ్ళు. పుట్టింటికి ఒట్టి చేతులతో ఎట్ల పోయేదని అత్తకు బెంగ పట్టుకుంది. చివరకు, ఊరికి తీసుకుపోవడానికి దాచిపెట్టుకున్న మక్కా జమ్‌జమ్ బావి నీళ్ళలోంచే ఒక సీసా నింపింది. ఆ తల్లి బిడ్డ కోసం ఉరికినప్పుడు పుట్టిన నీళ్ళు ఆమె పుట్టింటి ఏటిలో కలపాలంట. ఇది ఏ గ్రంథంలోనూ రాసిన విధి కాదని నాకు తెలుసు. అత్త మనసుకు తోచింది, అంతే.

ఆ తరువాత ఒకరోజు మా ఆయన ఇంటికి వచ్చి, బూట్లు కూడా విప్పకుండా గుమ్మం దగ్గరే కూర్చుండిపోయినాడు. కంపెనీలో కాగితాల పని చూసే మందూబ్ చెప్పినాడంట, విజిట్ వీసా మీద వచ్చిన మనిషి ఒకసారి దేశం దాటితే వీసా అక్కడికి చెల్లు, మళ్ళీ లోపలికి రానీయరని. అక్కడి నుంచి అక్కడికే ఊరికి పంపుదామంటే, అక్షరం రాని మనిషి ఒక్కతే రెండు విమానాలు ఎక్కి దిగాలి. ఇంత చిన్న సంగతి ముందే అడగాలని మాలో ఒక్కరికీ తోచలేదు. ఆశ పడటంలో అందరం అంత మునిగిపోయినాము.

అత్తకు చెప్పే పని నా మీద పడుతుందనుకున్నాను గానీ, ఆమె ఆయన మొహం చూసే కనిపెట్టేసింది. పక్కన కూర్చొని, చిన్నపిల్లోని కాళ్ళు లాగినట్టు ఆయన కాళ్ళు ముందుకు లాగి, ఒక్కో బూటే విప్పింది. "అల్లా పిలిచిన చోటికి తెచ్చినావు. ఇంకేం కావాల్రా నాకు? నువ్వూ ఈ పిల్లా పోయి రండి." ఆయన తల అడ్డంగా ఊపినాడు. ఆ తరువాత ఎన్ని సెలవులు వచ్చినా, పిల్లలు పుట్టి పెద్దయినా, ఆయన నోట మిసర్ మాట మళ్ళీ రాలేదు.

సీసా మాత్రం పోయింది. బడి సెలవులకు ఊరికి పోతున్న పైయింటావిడ చేతిలో అత్త దాన్ని పెట్టినప్పుడు, ఆవిడ "యా హాజ్జా, యా హాజ్జా" అని పెద్దామెను పిలిచినట్టు పిలుస్తూ అత్త నుదుటి మీద ముద్దు పెట్టి ఏడ్చింది. సెలవులు అయ్యి ఆవిడ తిరిగొచ్చేసరికి అత్త ఊరికి వెళ్ళిపోయింది. వంతెన మీద తన తల్లిని కూడా నిలబెట్టుకొని, బిస్మిల్లా అని ఆ నీళ్ళు నైలులో పోసినానని ఆవిడ చెప్తే, నేను ఊరికి ఫోను చేసి అత్తకు చెప్పినాను. ఆమె అంతా విని, "ఏమన్నారంట మే పుట్టింటోళ్ళు?" అని అడిగింది.

"సంతోషపడినారంట అత్తా" అన్నాను.

అత్త అల్లా దగ్గరికి పోయి చాలా కాలమైంది. ఇప్పుడు మా ఇంటి నుంచి బయలుదేరే ముగ్గురిలో పెద్ద ఆడమనిషిని నేను. అల్‌హందులిల్లా, కాళ్ళు ఆడుతున్నాయి, పక్కన ఆయన ఉన్నాడు, పిల్ల పిలుస్తున్నది; ఇంతకన్నా ఏమడుగుతాను. పాస్‌పోర్టు నా బీరువాలోనే ఉంది, ఎవరినీ బతిమాలే పని లేదు. కాలం మారి ఎంత సుఖపెట్టిందో నాకు తెలుసు. కానీ ఇప్పుడు ఇంట్లో వద్దనే మనిషి లేదు. ఆ ఊరు ఎవరిది, మనకూ దానికీ ఏమి సంబంధం, ఎందుకు పోవాల అని నిలదీసే మనిషి లేదు. అత్త అట్ల నిలదీసింది కాబట్టే నేను నాయన చెప్పిందంతా తిరగేసి వెతుక్కున్నాను, వెతుక్కుంటే హాజిరమ్మ దొరికింది. మొన్న మా అమ్మాయి బుక్ చేసేసినా అంటే నేను సరే అన్నాను, అది ఆ సరే పట్టుకొని వేరే పని చూసుకోవడానికి లోపలికి పోయింది. కొంచెంసేపన్నా రానని మొండికేసి ఉండాల్సింది నేను.