కొత్త కాని చిక్కుళ్లు

మా కాలనీ పార్కులో పొద్దున్నే నడిచే ఆరుగురం, ఒక్కసారైనా అడవి దారిలో నడవాలని అనుకున్నాం. పార్కులో పదిసార్లు తిరిగితే అదే చెత్తకుండీ పదిసార్లు కనిపిస్తుంది మరి. ఎటు వెళ్దామనే మాట రాగానే నేను ముందుకు దూకాను. "పల్లెటూళ్ల సంగతి నాకు వదిలెయ్యండి, నేను పుట్టి పెరిగిందే అక్కడ" అన్నాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పుడు నా మీద నాకే చిరాకేస్తోంది.

జనవరిలో ఒక ఆదివారం ఖమ్మంలో ఐదింటి బస్సెక్కి, ఏడు దాటాక కొత్తగూడెంలో దిగాం. టీ తాగి, రానూపోనూ పన్నెండు వందలకు వెంకన్న అనే అతని ఆటో మాట్లాడుకుని, ఆరుగురం ఇరుక్కుని కూర్చున్నాం. మమ్మల్ని అడవి అంచున దింపి, మూడింటికి అవతలి కోయగూడెంలో ఎక్కించుకోవాలని ఒప్పందం. మధ్యలో తొమ్మిది కిలోమీటర్లు. ఎనిమిదిన్నరకు కూడా పొగమంచు విడలేదు, టేకు ఆకుల మీంచి నీళ్లు మెడలో పడుతుంటే ఒకరినొకరం ఆటపట్టించుకుంటూ నడిచాం. పత్తి చేలు దాటాక ఒక వాగు వస్తుంది. మోకాళ్ల లోతే గానీ రాళ్లు జారతాయి, చెప్పులు తీసి చేతికర్రతో దాటండి.

పన్నెండింటికి గూడెం చేరాం. మాకు వంట చేసే రాములమ్మను వెంకన్నే పొద్దున ఫోన్ చేసి మాట్లాడి పెట్టాడు, మనిషికి నూట యాభై. అన్నం, పప్పు, నాటుకోడి కూర పొయ్యిల మీద ఉన్నాయి. దడి మీద చిక్కుడు తీగ విరగకాసి ఉంది. నా చెయ్యి ఊరుకోలేదు.

"వద్దక్కా, ఇంకా కొత్త కాలే" అంది రాములమ్మ.

కాయ ఇంకా ముదరలేదంటోందని అనుకున్నాను. "లేతవే రుచి, నాకు తెలుసులే" అని నవ్వాను. ఆమె మళ్లీ ఏదో అనబోయి, నీళ్లు అయిపోయాయని బిందె తీసుకుని బోరింగు దగ్గరికి వెళ్లింది. తిరిగొచ్చేలోపు కొంగు నిండా కోసి, ఈనెలు తీసి, ఆమె కుండలోనే వేసి పొయ్యి మీదకు ఎక్కించాను. మా వాళ్లు నన్ను తెగ మెచ్చుకున్నారు. రాములమ్మ వచ్చి మూత తీసి చూసింది. బిందె దించడం కూడా మరిచి అలాగే నిలబడింది.

మేం తింటుండగా ఊరి పూజారి పలకరించడానికి వచ్చాడు. ఆయన చూపు నా విస్తరి మీద ఆగింది.

"చిక్కుడు ఎవరు కోసిండ్రు?"

ఏదో తప్పు జరిగిందని ఆ గొంతుతోనే నాకు అర్థమైంది. ఏ తప్పో తెలియకపోయినా, చేసింది నేనేనని తెలుసు. నోట్లో ముద్ద అడ్డం పెట్టుకుని తల వంచుకున్నాను.

"నేనే కోసిన" అంది రాములమ్మ. "యాది మర్చిన."

ఆయన ఆమెను కాసేపు చూసి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఆమె మాకు వడ్డించింది గానీ తాను తినలేదు.

తిరుగు దారిలో వెంకన్నను అడిగాను, కొత్త కావడమంటే ఏమిటని.

"పండుగక్కా. కొత్త పంట ముందు దేవరకు పెట్టాలె. అప్పటిదాంక ఊర్ల ఎవరు ముట్టరు. చిక్కుడు కొత్త వచ్చే వారమే ఉండె. ఏటా దేవర కాడికి మొదటి కుండ రాములమ్మదే పోతది. ఈసారి ఆమె పొయ్యి ఎంగిలాయె, ఇగ పోనియ్యరు."

"మరి నా పేరు ఎందుకు చెప్పలేదు?"

"ఇంటికొచ్చినోళ్ల మీద ఎట్ల చెప్తదక్కా?"

ఆటో వెనక్కి తిప్పమని నేను అనలేదు. సాయంత్రం ఐదింటి బస్సు తప్పుతుందని నాకు నేనే చెప్పుకున్నాను. ఆ తర్వాత ఇంకో బస్సు ఉందని నాకు తెలుసు.

నడక బాగుంటుంది, వెళ్లండి. చలికాలమే మంచిది. నేను పల్లెలో పుట్టాను కాబట్టి ఏ పల్లె అయినా నాకు తెలుసనుకున్నాను, వినాల్సిన ఒక్క మాటను నాకు నచ్చినట్టు విన్నాను. అది పొరపాటే. తల వంచుకుని తినడం మాత్రం పొరపాటు కాదు, సిగ్గుమాలినతనం. మీకు నేను చెప్పగలిగిన సలహా ఒక్కటే: అక్కడ దడి మీది కాయ ఏదైనా సరే, కోసే ముందు "కొత్త అయిందా?" అని అడగండి. "కాలే" అంటే చెయ్యి వెనక్కి తీసుకోండి. ఆ రోజు పూజారి అడిగినప్పుడు ఆ వాకిట్లో చెప్పాల్సిన జవాబు ఇక్కడ రాస్తున్నాను, ఎవరైనా ఆయనకు చదివి వినిపించే లోపు నేనే వెళ్లి చెప్పాలి: కోసింది నేను.