దేవదాస్ సారు రాసిచ్చిన ఏడుపు

బాన్సువాడలో ఏ సభ జరిగినా దేవదాస్ సారు కవిత ఉండాల్సిందే. మా బడిలో తెలుగు చెప్తాడు, రెండు పుస్తకాలు అచ్చేశాడు. నేను అదే బడిలో లెక్కల మాస్టర్ని. ఆయన కవితలు వినీ వినీ నా చెవులు తూట్లు పడ్డాయి. అయినా ఒప్పుకోవాలి, ఆయన చదువుతుంటే జనం కదలరు. ఆ లయ ఎక్కడిదని అడిగితే, "మా యాడిది, పండరన్నా" అంటాడు. యాడి అంటే వాళ్ల లంబాడీ భాషలో అమ్మ. నస్రుల్లాబాద్ దగ్గరి తండాలో తల్లి మంగ్లి నాట్లు వేస్తూ పాడుతుంటే, ఒడ్డున కూర్చుని వింటూ పెరిగాడు.

హాస్టల్లో చేరినప్పుడు ఆయన తెలుగు విని తోటి పిల్లలు పగలబడి నవ్వారట. ఆ కసితోనే తెలుగు పండితుడయ్యాడు. తన బిడ్డ సోనికి ఆ గతి పట్టకూడదని ఇంట్లో తెలుగు తప్ప ఇంకో మాట పలకనివ్వలేదు. ముందుచూపు అనుకున్నాడు పాపం.

మొన్న సోని పెళ్లి తండాలోనే చేశారు. అప్పగింతల వేళ వాళ్లలో పెళ్లికూతురు ఒక్కొక్కరి మెడ పట్టుకుని ఏడుస్తూ పాడాలి. దాన్ని ఢావ్లో అంటారు. పెంచినందుకు మొక్కొచ్చు, కడుపులో ఉన్న నిష్ఠూరమూ ఆడొచ్చు. ఆ వేళ ఎవరూ తప్పు పట్టరు. అవతలివాళ్లు పాటతోనే బదులివ్వాలి. సోనికి ఆ భాషే రాదాయె. అందుకని సారు తెలుగులో ఓ పాట రాసి బిడ్డతో కంఠతా పట్టించాడు. కవి గదా!

పిట్లం నుంచి వచ్చిన మగపెళ్లివాళ్లు బండెక్కి కూర్చున్నారు. సోని తన నాయనమ్మ మంగ్లి మెడ పట్టుకుని పాట ఎత్తుకుంది. తప్పు లేకుండా పాడింది, బడిలో పద్యం అప్పజెప్పినట్టు. మంగ్లి ఆమె చేతులు విడిపించింది.

"గిది మీ బాపు ఏడుపు. నీదేది?"

బండి హారన్ మోగింది.

"ఇగ చాలు, పొద్దుగూకుతుంది" అన్నాడు పెళ్లికొడుకు మేనమామ తారాచంద్, బండి దిగొచ్చి.

"ఢావ్లో లేకుంట పోయిన పిల్లకు పుట్టిల్లు లేనట్టే. నేను పంప" అని మంగ్లి మనుమరాలి కొంగు పట్టుకుంది.

"పంపకుంటే పిల్ల లేకుంటనే పోతం. చెప్పుండ్రి!" తారాచంద్ కోపంగా బండి వైపు నడిచాడు. "యాడీ, ఇడిచిపెట్టే" అని సారు చేతులు జోడించాడు. ముసలామె వింటేనా!

అప్పుడు సోని తండ్రి మెడ మీద పడింది. నాయనమ్మ పాడే రాగంలోనే, నోటికొచ్చిన మాటలతో అందుకుంది.

"ఊరందరి పిల్లలకు మాటలు నేర్పితివి బాపూ... నన్నెందుకు మూగదాన్ని జేస్తివి... నాయనమ్మ మాట్లాడితే తెల్వక నవ్వి ఊకుంటి బాపూ... రేపు నాకు దుఃఖమొస్తే ఏ భాషల ఏడ్వాలె..."

"గిదే ఢావ్లో" అంది మంగ్లి, కొంగు వదిలేసి. చుట్టూ ఆడవాళ్లు రాగం కలిపారు. తారాచంద్ కూడా నడక ఆపేశాడు.

ఇక బదులు సారు చెప్పాలి. సభల్లో ఏనాడూ తడబడని మనిషి బిడ్డ తల నిమురుతూ, వెక్కుతూ, తండా భాషలో పాడటం మొదలుపెట్టాడు. ఇన్నేళ్ల స్నేహంలో ఆయన నోట ఆ భాషలో పాట నేను వినలేదు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, కానీ ఏడుపాగలేదు.

సోనికీ అర్థం కాలేదు. మంగ్లి ఆమె చెవి దగ్గరికి ఒంగి, కొడుకు పాడే ఒక్కో మాటా తనకొచ్చిన తెలుగులో చెప్పుకుంటూ పోయింది.