తోమిన పన్ను

రాళ్లు ఏరుకునే మావంటి పిచ్చోళ్లకు ఆయన మాటే తీర్పు. కడపలో ఒక కాలేజీ జియాలజీ ల్యాబులో అటెండరుగా చేసి రిటైరైన మనిషి. ఏ రాయి ఇచ్చినా కళ్లు మూసుకుని, దాని అంచు మీద బొటనవేలి గోరు మెల్లగా నడిపేవాడు.

కమలాపురంలో మా పెరటి కంకరకుప్పలో నాకొక నల్లటి పన్ను దొరికింది. మా ఊరు ఒకప్పుడు సముద్రమని నిరూపించాలని నా పంతం. తీసుకుపోయి ఆయన చేతిలో పెట్టాను.

"సొరచేప పన్నే. మొదట్లో అంటిన మట్టి ఏమాయ?"

"చింతపండు ఏసి తోమినా."

"నోట్లో ఉండే పండ్లు తోముకోవాలప్పా, ఇట్లాంటివి కాదు! యాడిదో ఆ మట్టే చెప్పిండేది. మన కడప రాయి సొరలు పుట్టకముందుది. ఇది ఏ లారీలోనో వచ్చింటాది."

"నేను అబద్ధమాడతాండానా?"

ఆయన చీటీ మీద 'సొరచేప పన్ను' అని రాసి, పుట్టిన చోటు ఖాళీగా వదిలి నా చేతికిచ్చాడు. ఆ కోపంతో మళ్లీ ఆయన గడప తొక్కలేదు.

ఆయన పోయి రెండేళ్లు. ఇప్పుడు అడ్డం చెప్పేవాళ్లు లేరు. ఆ ఖాళీలో కమలాపురం అని రాద్దామని ఎన్నిసార్లో పెన్ను తీశాను. రాయలేక మూత పెట్టేస్తున్నాను. ఆ మనిషి మీద కోపం ఇంకా పోలేదు.