కంటి పటం బట్టీ పట్టిన డ్రైవరు

పదవీ విరమణకు మూడేళ్ల ముందు, ఒక మే నెలలో, స్కూలు బస్సు డ్రైవర్ల కంటి పరీక్షల కోసం నన్ను మేడ్చల్‌లో వేశారు. ప్రభుత్వ వైద్య శాఖలో నాది ఆప్తాల్మిక్ ఆఫీసరు ఉద్యోగం. అంటే డాక్టరును కాను. చూపు కొలవడం, అద్దాల నంబరు రాయడం, ఆపరేషను అవసరమైనవాళ్లను కంటి డాక్టరు దగ్గరికి పంపడం మా పని. బడులు తెరిచేలోగా కొంపల్లి, సుచిత్ర, శామీర్‌పేట వైపు తిరిగే బస్సుల డ్రైవర్ల ఫారాలపై సంతకాలు చేయాలి.

ఒక ఫంక్షన్ హాల్లో గది ఇచ్చారు. తెలుగు అక్షరాల పటాన్ని గోడకు తగిలించి, ఆరు మీటర్ల దూరంలో కుర్చీ, దాని పక్కనే వచ్చినవాళ్లకు బెంచీ వేయించాను.

రెండో రోజు మధ్యాహ్నానికి జనం పలచబడ్డారు. తెర వెనక లెన్సులు తుడుచుకుంటున్నాను. బెంచీ మీద యాదగిరి అనే డ్రైవరు, ఏడేళ్ల కూతురు శ్రావణి మిగిలారు. తల్లి మందుల కంపెనీలో డ్యూటీకి పోయిందని, బడికి సెలవులని పిల్లను వెంట తెచ్చుకున్నాడు. వాళ్ల గుసగుసలు నాకు వినబడుతూనే ఉన్నాయి.

"నాలుగో లైన్ల ఏమున్నయ్ నాయినా?"

"ట, ర, గ, ప."

"గ గాదు, మ! మల్ల మొదటికెల్లి చెప్పు."

"మెల్లగ బిడ్డా, మేడం ఇంటది."

"నిన్న నాకు ఎక్కం రాకుంటే గోడకుర్సీ ఏపిచ్చినవ్ గదా. ఇగ నువ్వెయ్యి."

"ఈడ గాదే, ఇంటికి పోయినంక ఏస్త తియ్."

నాకు నవ్వాగలేదు. నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను. పిల్ల మళ్లీ అడిగింది.

"నీకు సదువొస్తది గదా. సూసి సదువరాదు?"

"కనిపిస్తలేదు బిడ్డా. గందుకే బట్టీ కొడుతున్న."

శ్రావణి, "మరి బస్సు గూడ బట్టీ కొట్టే నడుపుతున్నవా?" అంది.

నా నవ్వు అక్కడితో ఆగిపోయింది.

పిలిచాను. కుర్చీలో కూర్చుని, నేను పుల్లతో చూపించకముందే కిందివరకు గడగడా అప్పజెప్పాడు. ఆ పటం తీసి, చదువు రానివాళ్ల కోసం ఉండే రెండో పటం తగిలించాను. అందులో ఒకే గుర్తు నాలుగు వైపులకు తిరిగి ఉంటుంది, ఎటు తిరిగిందో చేత్తో చూపించాలి. మూడో వరుస దగ్గర యాదగిరి చెయ్యి ఆగిపోయింది.

"మేడం, గది మేం సదువలే!" అని బెంచీ మీది నుంచి శ్రావణి అరిచింది.

సన్నటి రంధ్రమున్న నల్లబిళ్ల అతని కంటికి అడ్డంపెట్టి మళ్లీ అడిగాను. ఇంకో మూడు వరుసలు చూపించాడు. అలా మెరుగుపడితే లోపం అద్దాలతో సరిపోతుందని మా లెక్క. ఫారం మీద సంతకం మాత్రం చేయలేదు.

"పదేండ్ల సంది నడుపుతున్న మేడం, బండికి ఒక్క గీత వడలే," అన్నాడు. "అద్దాలంటే ఓనర్ ఇంటికి పంపిస్తడు."

అద్దాలతో చూపు సరిపోతే 'ఫిట్' అనే రాస్తామనీ, అద్దాలు పెట్టుకుని నడపడానికి ఏ అడ్డూ లేదనీ చెప్పాను. నమ్మలేదు. లెన్సులు మార్చి మార్చి చూసి నంబరు కుదిరాక, ఆ పరీక్ష ఫ్రేముతోనే గుమ్మం దాకా తీసుకెళ్లాను. ఎదురుగా హైవే మీద పోయే బస్సు బోర్డు చదివాడు. దాని వెనక వచ్చినదాని బోర్డూ చదివాడు. చాలాసేపు అక్కడే నిలబడ్డాడు.

"గిన్ని దినాలు నేను గిట్లనే నడిపిన్నా మేడం? పోరగాండ్లను ఎక్కిచ్చుకొని?"

చీటీ మీద నంబరు రాసిచ్చాను.

నాలుగో రోజున అద్దాలు పెట్టుకుని వచ్చాడు. పటం మార్చి చదివించాను, తడుముకోకుండా చదివాడు. 'అద్దాలతో ఫిట్' అని రాసి సంతకం చేశాను. ఓనరు ఏమీ అనలేదని, తోటి డ్రైవర్లు ఇద్దరు కూడా అద్దాల కోసం వస్తామన్నారని చెప్పాడు. ఆ ఇద్దరూ అంతకుముందు రోజే నా దగ్గర పరీక్షలో నెగ్గి వెళ్లినవాళ్లు.

అప్పటిదాకా అద్దాలొస్తే ఉద్యోగం పోదన్న సంగతి పరీక్ష అయ్యాక, అదీ అడిగినవాళ్లకే చెప్పేదాన్ని. ఆ క్యాంపు నుంచి ముందే, అందరికీ చెప్పడం మొదలుపెట్టాను. వేచి ఉండేవాళ్లను గది బయటే కూర్చోబెట్టాను. దానికి ముందు ఇరవై ఏళ్లకు పైగా చేసిన సంతకాల్లో ఎన్ని చూపుకు చేశానో, ఎన్ని జ్ఞాపకశక్తికి చేశానో నాకు తెలియదు.