అమావాస్య నాటి ఎండ

పుష్యమాసం వస్తే మా వీధిలోకి చిక్కుడు జాతి అనపకాయల తట్టలు వస్తాయి. నిన్న ఉదయం ఒక తట్ట దగ్గర కూర్చుని రెండు కాయలు వలిచి, వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకున్నాను. పచ్చి వాసన తప్ప ఏమీ లేదు. అమ్మే ఆమె నా వంక చూసి, "ఏమప్పా, కొనేదుందా, వాసన చూసి పోయేదేనా?" అంది. రెండు కిలోలు కొన్నాను. పదేళ్ళుగా ప్రతి చలికాలమూ ఇదే వరస. మంచి అనపకాయ వలిస్తే వేళ్ళకు సన్నగా జిడ్డు అంటుకుంటుంది. సబ్బుతో కడిగినా రాత్రి అన్నం కలిపేటప్పుడు కూడా ఆ వాసన చేతిని వదలదు. దాన్ని నాకు చూపించింది ఓబులమ్మవ్వ. లేకుండా చేసింది నేను.

గుత్తికి దగ్గరలో ఒక ఊరి బడిలో నాకు ఉద్యోగం వచ్చినప్పుడు అవ్వ ఇంట్లో ముందుగది అద్దెకు తీసుకున్నాను. అప్పటికే ఆమెకు అరవై దాటాయి. భర్త పోయాడు, కొడుకు బెంగళూరులో తాపీ పనిలో ఉన్నాడు. ఊరి బయట మూడెకరాల మెట్టచేను ఆమే చేయించుకునేది. నేను గుంతకల్లు రైల్వే క్వార్టర్సులో పెరిగినవాణ్ణి. "ఈ రాళ్ళలో ఏం తిని బతుకుతారవ్వా?" అని వచ్చిన వారంలోనే అడిగాను. "తినేవానికి కండ్లుండాల సారూ. నీకు కళ్ళద్దాలే ఉండాయి" అంది.

తొలకరి పడిన నాలుగో రోజు నన్ను చేని గట్టుకు తీసుకుపోయింది. నేను కలుపు అనుకుని తొక్కుతున్నదంతా గురుగాకు, చెంచలాకు. "కాలెత్తు సారూ, కూర తొక్కుతాండావు" అంది. వానలు వెనకబట్టాక కొండ మీది సీతాఫలాలు, చలికి అనపకాయలు, వేసవిలో వాగు ఒడ్డున ఈతపండ్లు. ఏమీ లేని రోజున సంగటి, చెనక్కాయల ఊరిబిండి పచ్చడి. అన్నిటికన్నా ఆమెకు అనప ముద్దు. "ఇది వానను నమ్ముకున్నది గాదు, మంచుకే కాస్తాది" అనేది. నానబెట్టిన గింజను రెండు వేళ్ళతో నొక్కితే పొట్టు వదిలి పప్పు గిన్నెలోకి దూకేది. ఆ పితుకుపప్పుతో జొన్నరొట్టె తిన్న రాత్రి నేను చేతులు కడుక్కోవడానికి లేవకపోతే చూసి నవ్వింది.

ఆ గింజ ఆమె అత్త ఇచ్చినది. ఊరంతా వేరుశనగకు మళ్ళిపోయినా, అవ్వ మాత్రం తన చేనిలో నాలుగు సాళ్ళు అనప వేసి, విత్తనం కుండలో బూడిద కలిపి దాచేది. ప్రతి అమావాస్యకు కుండ దించి, చాప మీద ఎండబోసి, పొద్దు గూకేలోపు ఎత్తి, మూతకు పేడ మెత్తేది.

ఒక సంవత్సరం కోడలి కానుపుకని బెంగళూరు పోతూ ఆ కుండ నాకు అప్పగించింది. "పెద్ద పనేం గాదు సారూ. అమాస నాడు ఎండబెట్టు, అంతే. ఇది ఇంక ఎవురి దగ్గరా లేదు. పోతే పోయినట్లే."

రెండు అమావాస్యలు ఎండబెట్టాను. మూడోది ఆదివారం వచ్చింది. సెలవు. మంచం మీద పడుకుని పేపరు చదువుతూ, కాసేపాగి లేద్దామనుకున్నాను. లేవలేదు. ఆ తరువాతి నెల గుర్తే రాలేదు. నాకు ఏ కష్టమూ లేదు, ఏ జబ్బూ లేదు. ఆమె వస్తున్నానని కబురు పంపినప్పుడు మూత తీస్తే, గింజ గింజకూ చిల్లి పడి, లోపల పిండీ పురుగులే ఉన్నాయి.

అప్పుడైనా నిజం చెప్పి ఉండవచ్చు. గుంతకల్లు పోయి బజారు విత్తనం తెచ్చాను. బూడిద కలిపాను. కుండ నింపి, ఆమె మెత్తినట్టే పేడ మెత్తాను. అవ్వ వచ్చి మూత మీద చెయ్యి పెట్టి చూసి, "నా కొడుకు గూడా ఇంత బాగా చేయడప్పా" అంది. గింజ కొంచెం పెద్దగా కనబడుతోందని తానే అంది, చూపు తగ్గిందని తానే సర్దుకుంది.

ఆ చలికాలం మొదటి కాయ వలిచి వేళ్ళు వాసన చూసుకుంది. మళ్ళీ చూసుకుంది. "మంచు చాల్లేదు" అంది. మరుసటి ఏడు బడి గంట వినబడినా పిల్లలు కనబడనంత మంచు కురిసింది. కాయ విరగకాసింది. వాసన లేదు. ఆ రోజు గట్టు మీద కూర్చుని అడిగింది.

"సారూ, నేను లేనప్పుడు ప్రతి అమాసకూ ఎండబెట్టినావు గదా?"

"పెట్టినానవ్వా" అన్నాను.

"నువ్వు పెట్టింటావులే. తప్పు నేలది. ఈ నేల చచ్చిపోయిందప్పా."

ఆ తరువాత ఆమె చేనిని మనసులోంచి తీసేసింది. చుట్టుపక్కల ఊళ్ళలో తన అత్త విత్తనం కోసం అడిగి, లేదనిపించుకుని వచ్చాక, చేను సోలారు వాళ్ళకు ఇచ్చేసింది. వేలిముద్ర వేసేటప్పుడు పక్కన నేనే ఉన్నాను, కాగితం చదివి చెప్పింది కూడా నేనే. అప్పుడూ చెప్పలేదు. గట్టు, గురుగాకు, అనప సాళ్ళు అన్నీ ఇప్పుడు నల్లటి పలకల కింద ఉన్నాయి. అవ్వ మూడేళ్ళు బతికింది. చివరి వరకూ తన నేలనే తప్పుపట్టింది. ఆ నేలలో ఏ లోపమూ లేదని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

ఈ అమావాస్యకు కూడా నిన్న కొన్న కాయలు వలిచి, ముదిరిన గింజలు ఏరి మేడ మీద చాప పరిచి ఎండబెట్టాను. మా ఆవిడ పైకి వచ్చి, "బజారు గింజలకు ఈ పూజ ఏమిటండీ?" అంది. పదేళ్ళ కాపురంలో ఆమెకూ చెప్పలేదు. పొద్దు గూకేలోపు ఎత్తాను. ఒక్క అమావాస్య కూడా తప్పడం లేదు. ఎండబెట్టడానికి ఆ గింజే లేదు.