గది నోరు మూయించిన మామయ్య

పాత బస్సు సీట్లూ సోఫాలూ బాగుచేయడం మా మామయ్య పని. డిపో వెనక రేకుల షెడ్డులో ఇరవై ఆరేళ్లుగా అదే కత్తెర, అదే దబ్బనం. ఎవరు పలకరించినా తల పక్కకి తిప్పి, కుడి చెంప చూపిస్తూ వినేవాడు. కొత్తవాళ్లు పొగరనుకునేవాళ్లు. ఆయన అక్క, అంటే మా అమ్మ, పరధ్యానం అనేది.

అమ్మ బడిలో చరిత్ర చెప్పి రిటైరైంది. ఇంట్లో ఊరికే కూర్చోలేక, చూపులేని పిల్లల కోసం పాఠ్యపుస్తకాలు చదివి రికార్డు చేసే పని పెట్టుకుంది. వెనక గది ఖాళీ చేసి బల్ల వేసి, మైకు పెట్టింది. మొదటి పుస్తకం పూర్తిచేసి ఆ పిల్లల లైబ్రరీకి పంపిన మూడో రోజు అక్కడి లైబ్రేరియన్ ఫోన్ చేసింది. ఆవిడకీ చూపు లేదు.

"చాలా బాగా చదివారు టీచర్‌గారూ. కానీ మీతోపాటు మీ గది కూడా చదువుతోందండీ, ప్రతి మాటా మారుమోగుతోంది."

అమ్మ మొహం చిన్నబోయింది. ఆ పూట మామయ్య మా ఇంట్లోనే ఉన్నాడు. సంగతి విని, "ఓస్, అంతేనా! ఆ గది నోరు నేను మూయిస్తాగా" అన్నాడు.

మర్నాడే ఎవరో చెప్పారని కోడిగుడ్ల అట్టలు మోసుకొచ్చి గోడలనిండా అంటించాడు. గది చూస్తే కోళ్లఫారంలా ఉంది. చప్పట్లు కొడితే మాత్రం టంగుమని ఎప్పట్లాగే పలికింది. పైగా బల్లులు కాపురం పెట్టాయి. అవన్నీ పీకేసి, సీట్లలో వాడే పలచటి ఫోము అంటించాడు. ఈసారి రికార్డు విని లైబ్రేరియన్, "గలగల పోయింది గానీ గొంతు దుప్పట్లోంచి వస్తున్నట్టుందండీ. గుంయ్‌మంటోంది" అంది.

"ఆవిడవి చెవులా, త్రాసులా?" అని విసుక్కుని మామయ్య నేరుగా లైబ్రరీకే వెళ్లాడు. తోడు నేనూ వెళ్లాను. ఆవిడ నవ్వి, మమ్మల్ని పుస్తకాల బీరువాల మధ్య నిలబెట్టి మాట్లాడించింది. తర్వాత ఖాళీ వరండాలోకి తీసుకెళ్లి అదే మాట మళ్లీ అనమంది. బీరువాల మధ్య మెత్తగా వినపడ్డ మాట ఇక్కడ ఖంగుమంది.

"సన్నటి శబ్దాన్ని పలచటి గుడ్డ కూడా ఆపుతుంది మేస్త్రిగారూ. గుంయ్‌మనే బరువైన శబ్దం దానికి లొంగదు. మందం కావాలి."

మామయ్య కళ్లు మెరిశాయి. "అంటే మా సీట్ల లెక్కేనండీ! పలచటి దిండు మీద బరువైన మనిషి కూర్చుంటే కిందున్న చెక్క తగులుతుంది."

ఇక ఆగలేదు. జానెడు లోతున చెక్క చట్రాలు చేశాడు. పాత బొంతలు విప్పి, దూది చేత్తో పొడిగా చేసి, అదిమి కూరకుండా నింపాడు. పైన కప్పే గుడ్డని నోటికి ఆనించుకుని ఊదేవాడు. గాలి అవతలికి వెళితేనే తీసుకునేవాడు. రెక్సిన్ దగ్గరికి రానివ్వలేదు. చట్రానికీ గోడకీ మధ్య నాలుగు వేళ్ల సందు వదిలాడు. మూలల్లో చట్రాలని నేల నుంచి కప్పు దాకా నిలబెట్టాడు. ఉత్సాహం ఎక్కువై నాలుగు గోడలూ, పైకప్పూ కూడా కప్పేశాడు. మూడు నెలలు పట్టింది.

అమ్మ లోపలికి వెళ్లి పావుగంటలో బయటికొచ్చింది. నుదుటి మీద చెమట.

"ఒరే, మాట నోట్లోంచి వచ్చీ రాగానే చచ్చిపోతోందిరా. ఎంత గట్టిగా చదివినా నాకే వినపడటం లేదు. గొంతు పట్టేసింది."

"మూడు నెలల పని, అక్కా!" మామయ్యకి కోపమొచ్చింది. అమ్మ వారం రోజులు పుస్తకం ముట్టుకోలేదు. తన గొంతే పోయిందేమో అని నా దగ్గర దిగులుపడింది.

ఆ ఆదివారం మామయ్య వచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు. పేపరు పట్టుకుని పైకి చదివాడట. ఎంతకీ బయటికి రాకపోతే అమ్మే తలుపు తీసింది. ఆయన కుర్చీలో అలాగే కూర్చుని ఉన్నాడు.

"నాకు రోజూ ఇలాగే ఉంటుంది అక్కా. ఎడమ పక్క."

"ఏమిట్రా నువ్వనేది?"

"చిన్నప్పుడు గవదబిళ్లలు వచ్చాయి చూడు, అప్పట్నుంచీ ఎడమ చెవి పనిచేయదు. ఆ పక్కన అసలు మాటే పుట్టదు."

అమ్మకి అన్నీ గుర్తొచ్చాయి. ఆ రోజుల్లో సాయంత్రాలు తమ్ముడికి పాఠం చెప్పింది తనే. ఎడమ పక్కన కూర్చుని చెప్పేది. వినడం లేదని మొట్టికాయలు వేసేది. మొద్దబ్బాయి అని పేరు పెట్టిందీ తనే. ఆయన ఏడో తరగతిలో చదువు మానేశాడు.

"మరి చెప్పవేంరా?"

"అందరికీ ఇంతే వినపడుతుందేమో అనుకున్నా. తర్వాత తెలిసింది. అప్పటికి సిగ్గేసింది."

అమ్మ కుర్చీ చుట్టూ తిరిగి ఆయన కుడి పక్కకి వెళ్లి నిలబడింది. "క్షమించరా" అంది. మామయ్య కంగారుపడిపోయి, "ఛ ఛ, ఊరుకో అక్కా, ముందు ఈ గది సంగతి చూద్దాం" అని సుత్తి కోసం వెతుక్కున్నాడు.

అమ్మ కుర్చీకి ఎదురు గోడ మీది చట్రాలు సగం ఊడదీశాడు. ఆ చోట సన్నటి చెక్క బద్దలు, ఒకదానికొకటి సమానం కాకుండా ఎడంగా కొట్టాడు. బద్ద కొట్టినప్పుడల్లా అమ్మ ఒక వాక్యం చదివేది. "ఇంకాస్త... ఆఁ, ఇప్పుడు నా మాట నాకు తిరిగొస్తోంది" అన్నాక ఆపాడు. రికార్డు విన్న లైబ్రేరియన్, "టీచర్‌గారు నా పక్కనే కూర్చున్నట్టుంది" అంది.

ఆ తర్వాత అమ్మ పట్టుబట్టి తమ్ముణ్ని చెవి డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది. ఎడమ చెవికి వినికిడి ఇక రాదన్నారు. అటు మాటల్ని కుడి చెవికి చేర్చే మిషను ఒకటి ఇచ్చారు. మామయ్య ఆదివారాలు పెట్టుకుంటాడు, మిగతా రోజుల్లో షెడ్డు గోల భరించలేక జేబులో వేసుకుంటాడు.

ఇప్పుడు ఆ గదిలో అమ్మతో కలిపి నలుగురం వంతులవారీగా చదువుతున్నాం. నా వంతుకి లెక్కల పుస్తకం పడింది. కళ్లతో చూడని పిల్లకి బొమ్మలోని త్రికోణం మాటల్లో చెప్పడం తల ప్రాణం తోకకి తెచ్చే పని. మొన్న మామయ్య విని, "మళ్లీ చెప్పవే, ఆ మూడో గీత ఎక్కణ్నుంచి మొదలైందో నాకు అర్థం కాలేదు" అన్నాడు. రికార్డు చెరిపేసి మళ్లీ మొదలుపెట్టాను.